మంటపం: గోడపొయ్యి నెత్తిన కుండ

“పగ పైకి పోతాదా లేదా అని పందేలు కాస్తారేందిరా? పగ పోవాలంటే మనుషులు పోవాల, ఒకరింటికి ఇంకొకరు!” అంది చెంగమ్మ.

కొత్త హోటల్ హాల్లో ఉన్నవాళ్లంతా పొయ్యిని వదిలి ఆమె వైపు తిరిగారు. పాలగిన్నె పట్టుకున్న యమున చెయ్యి గాల్లోనే ఆగింది. ఆంజనేయులు గోడమీది బల్లిని చూస్తున్నట్టు అటు తిరిగాడు. ఆ గోడమీద బల్లి లేదు.

“పగ కాదత్తా, పొగ! పొయ్యిలో పొగ!” అని యమున మేనత్త చెవిలో అరిచింది.

“ఓ, పొగనా? అట్ల చెప్పరాదా! నేనింగా మన అమరావతి మాటొచ్చిందేమో అనుకుంటి.”

చెంగమ్మకు చెవుడు లేదు. మాట లోపలికి పోతుంది, కాకపోతే దారిలో గుణింతం రాలిపోతుంది. ఆ రాలిన గుణింతం ఆ పొద్దు సరిగ్గా ఆంజనేయులి గుండెమీద పడింది. అమరావతి ఆయన అక్క. ఆమె పేరు ఆ కుటుంబంలో ఎవరూ ఎత్తక చాలా ఏళ్లయింది.

పొయ్యిమీద పెట్టిన పాలూ, పందెం దగ్గర ఆపిన కథా ఒకలాంటివే. ఏమరితే పొర్లిపోతాయి. అందుకని పోయినవారం ఎక్కడ దించామో చూసుకుని మళ్లీ మంట పెడదాం.

ఆంజనేయులు మదనపల్లె టమోటా మార్కెట్లో మండీ నడిపే మనిషి. మదనపల్లె మనిషి గనుక మథనపడటం ఆయన జన్మహక్కు. తంబళ్లపల్లె దగ్గర తోటలున్నాయి, తోటల్లో కాపు ఉంది, కాపు కాయడానికి ఆయన ఉన్నాడు. చెల్లెలు యమున బెంగళూరు హోటళ్లలో పని నేర్చుకొచ్చి, హార్స్‌లీ కొండమీద సొంతంగా హోటల్ పెడదామంటే సరేనని చెరిసగం భాగానికి ఒప్పుకున్నాడు. పేరు కూడా ఆయనే పెట్టాడు. ‘మంటపం’. అందులో మంట కూడా ఉంటుందని అప్పటికి ఆయనకు తెలియదు. నడిహాల్లో చలి కాచుకునే రాతిపొయ్యి కట్టిస్తానని చెల్లెలు చెప్పిన నాడు, ఆ మంట మొదట రాజుకున్నది ఆయన కడుపులోనే.

“ఆడ డీజే స్టేజీ ఏద్దాం. పిల్లోళ్లు వచ్చి ఎగరతారు, సెల్ఫీలు దిగతారు” అని అన్న.

“చలికొండ మీద జనం నిప్పు చుట్టూ చేరతారన్నా, స్పీకర్ల చుట్టూ కాదు” అని చెల్లెలు.

పొయ్యి పెరిగేకొద్దీ పోట్లాట పెరిగింది. చివరికి పోయినవారం, దాన్ని కడుతున్న కుప్పం మేస్త్రి జయరత్నం మధ్యలో దూరి పందెం వేశాడు.

“ఆంజనేయులప్పా, సోమవారం పాలు పొంగిచ్చేటప్పుడు ఒక్క పోగు పొగ హాల్లోకి వచ్చిందంటే, ఎవురూ చెప్పబన్లే, నా సమ్మెటతో నేనే దీన్ని పడగొడతా. రాకుంటే మాత్రం నేనొకటి అడుగుతా, కాదనకుండా ఇయ్యాల.”

“ఏం అడుగుతావు?”

“ఇప్పుడే చెప్తే పందేనికి రుచేముండాది?”

చెంగమ్మ సాక్షిగా చేతిలో చెయ్యి పడింది. అదీ సంగతి. ఇది ఆ సోమవారం, అందులోనూ కార్తీక సోమవారం. కొండ ఇంకా మంచు దుప్పట్లోంచి తల బయట పెట్టలేదు.

ఆ పొయ్యికి హాల్లో మూడు పేర్లు. యమున ఫైర్‌ప్లేస్ అంటుంది. చెంగమ్మ గోడపొయ్యి అంటుంది. ఆంజనేయులు ‘పొగకోట’ అంటాడు, అంటూ దానివైపు చూడడు. చూస్తే ఏమవుతుందో ఆయనకు నిన్ననే తెలిసింది. ఆ సంగతి కాసేపట్లో మనకూ తెలుస్తుంది.

ఆయన చూడకపోయినా మనం చూడాలి. నేలనుంచి కప్పుదాకా నడిగోడంతా అదే. మనిషి కాస్త వంగి లోపలికి అడుగు పెట్టగలిగేంత నోరు. నోటికి అటూ ఇటూ కుప్పం పచ్చరాయి స్తంభాలు. పచ్చ అంటే చిలక పచ్చ కాదు, వాన వెలిశాక చింతచెట్టు కింద నీడకుండే పచ్చ. వాటిమీద అడ్డంగా ఒకే ఒక్క దూలం రాయి. దూలం పైనుంచి కప్పుదాకా అన్నీ గుండ్రటివే. విసుర్రాళ్లు, రోళ్ల అడుగులు, రుబ్బుపొత్రాలు, మూలల్లో సన్నికల్లు ముక్కలు. ఒక పెద్ద రాయి చుట్టూ చిన్నరాళ్లు, వాటి సందుల్లో ఇంకా చిన్నవి. సిమెంటు చార కంటికి కనబడదు. పెళ్లి ఫోటోలో బంధువులంతా ఒకరిమీద ఒకరు పడి నిలబడ్డట్టు, ఏ రాయి బరువు ఏ రాయి మోస్తోందో ఆ రాళ్లకే తెలియాలి. అన్నింటికీ నడుమ, సరిగ్గా దూలం పైన, విసుర్రాయి పైరాయి ఒకటి. మధ్యలో గింజలు పోసే కన్ను, అంచున పిడి దిగే బొక్క.

ఇవి చాలావరకు మదనపల్లెలో అపార్ట్‌మెంట్ల గుంతల పక్కన, పుంగనూరులో పేడదిబ్బల మీద, కుప్పంలో కాలవ గట్ల మీద పడున్నవి. మిక్సీలొచ్చాక జనం విసిరే రాళ్లను విసిరేశారు. జయరత్నం ఏరుకొచ్చాడు. ఆయన తండ్రి అరిగిన రోళ్లకూ విసుర్రాళ్లకూ ఉలితో గంట్లు కొడుతూ ఊరూరూ తిరిగినవాడు. తండ్రి కొట్టిన గంట్లు కొన్ని ఇప్పటికీ ఆ రాళ్లమీదే ఉన్నాయి. కొడుకు గుడిమెట్లు చెక్కాడు, చర్చి గడపలు చెక్కాడు, సమాధి రాళ్లు చెక్కాడు. పొయ్యి కట్టడం మాత్రం ఇదే మొదలు. ఆ మాట ఎవరికీ చెప్పలేదు. “నా పొయ్యి పొగ తాగదప్పా, పొగడ్తలు తాగుతాది” అనేవాడు. పొగ, పొగడ్త, పొగరు, మూడింటికీ ఆయన దగ్గర గొట్టం ఒకటే.

ఒక్కటి మాత్రం వింత. పొయ్యి ముందు నేలలో గుండ్రటి గుంట ఒకటి అట్లాగే వదిలేశాడు. జానెడు లోతు. ఎవరు అడిగినా ఒకటే జవాబు.

“ఆడికొక రాయి రావాల.”

“ఎప్పుడు మేస్త్రీ?”

“వచ్చినప్పుడు.”

యమున దానిమీద ఇత్తడి తాంబాళం బోర్లించి, పడకండి పడకండి అని అందరినీ హెచ్చరిస్తోంది.

ఇంతలో పుంగనూరు పాపక్క తన ఆవును తోలుకుని వచ్చింది. కొత్తింట్లో మొదటి అడుగు గోవుది కావాలి కదా. పుంగనూరు ఆవు, పొట్టిది. హాల్లోకి వచ్చి, చుట్టూ చూసి, ఒక టేబుల్ కిందనుంచి వంగకుండానే నడిచిపోయింది.

“పొట్టిదని నవ్వబాకండి. దీని పాలు చూడండి, వెన్న మాదిరి ఉంటాయి” అంది పాపక్క. “పుంగనూరు పాలు పొంగకుంటే మా ఊరి పేరే మార్చుకుంటాం.”

“మార్చబన్లే. పొంగనూరు అంటే సరిపోతాది” అన్నాడు జయరత్నం.

నవ్వులయ్యాయి. యమున చేతిలోని గిన్నెలోకి ఆ పాలు పితికి, పొయ్యి లోపల ఇనప ముక్కాలి మీద పెట్టారు. కింద నీలగిరి పుల్లలు, వాటిమీద చింతమొద్దు. జయరత్నం ఒక పక్కకు జరిగి, కళ్లు మూసుకుని తన ప్రార్థన తాను చేసుకున్నాడు. యమున కర్పూరం వెలిగించి పుల్లల కింద పెట్టింది.

నిప్పు అంటుకుంది. ముందు ఒక నీలం నాలుక, తర్వాత పసుపు నాలుకలు పది. పొగ సన్నగా లేచి పొయ్యి గొంతులోకి దూరింది. పాపక్క, చెంగమ్మ, వంటవాళ్లు, సరుకులు తెచ్చిన ఆటోవాళ్లు, అందరి తలలూ పొగతోపాటు పైకి లేచాయి. ఆంజనేయులి తల కూడా లేచింది, తనకు తెలియకుండానే.

పొగ లోపలికి పోయింది. పైన ఎవరో తలుపు తీయనట్టు కాసేపు నిలబడింది. తర్వాత తిరుగుముఖం పట్టింది.

మొదట దూలం కిందనుంచి ఒక పాయ జారింది. వెనకే మరొకటి. ఆపైన పొయ్యి నోరు మొత్తం తెరిచి పొగ కక్కింది. పచ్చి నీలగిరి ఆకు ఘాటు హాలంతా కమ్ముకుంది. ఆవు గట్టిగా ఒక్క తుమ్ము తుమ్మి, తాడు తెంచుకుని టేబుళ్ల కింద పడి పరుగెత్తింది. “నా తల్లీ, ఆగే, ఆగే!” అంటూ పాపక్క దాని వెనక. టేబుల్ కింద ఆవుకు పట్టినంత చోటు పాపక్కకు పట్టలేదు. కుర్చీలు పడ్డాయి.

ఎవరో బకెట్‌తో నీళ్లు తెచ్చారు.

“ఎయ్యబాకండి!” చెంగమ్మ దగ్గుతూనే చేతులు అడ్డం పెట్టింది. “పాలు పొంగకముందు నిప్పార్పితే ఇల్లు నిలస్తాదా? పొంగనీండి!”

బకెట్ ఆగింది. పాలు మాత్రం పొంగవు. పైకి గాలి లాగక మంట కింద అణిగిపోయి ఉంది, అణిగిన మంటమీద పాలు ఆవలిస్తున్నాయి. ఆర్పడానికి లేదు, ఆగడానికి లేదు. అందరూ కొంగులూ తువ్వాళ్లూ ముక్కుకు పెట్టుకుని, కళ్లనీళ్లు కార్చుకుంటూ ఆ గిన్నె వైపే చూస్తూ నిలబడ్డారు. యమున కళ్లలో నీళ్లకు మాత్రం కారణం పొగ ఒక్కటే కాదు.

జయరత్నం మోకాళ్లమీద కూర్చుని, తువ్వాలు తలకు చుట్టుకుని, పొయ్యి నోట్లో తల పెట్టి పైకి చూశాడు. బయటికి వచ్చేసరికి మనిషి మొహం మసి, గొంతు మసి.

“పైన వెలుగు కనపళ్లే” అన్నాడు. ఎవరితోనూ కాదు. “గొంతు యాడో ఇరుగ్గా కట్టినా. కొలత తప్పినా.”

అన్ని నెలలుగా ఆ గొంతులోంచి పొగరు తప్ప వేరే మాట విననివాళ్లు, ఆ మాట విని ఇబ్బందిగా నేలవైపు చూశారు. ఆయన లేచి మూలన పెట్టిన సమ్మెట దగ్గరికి నడిచాడు.

“మేస్త్రీ, ఆగు. పొగ తగ్గినాక చూద్దాం” అంది యమున.

“మాటంటే మాటేనమ్మా. ఒక్క పోగు వచ్చినా పడగొడతా అంటి. ఇది పోగు కాదు, నేత మగ్గమే వచ్చేసింది.”

ఆంజనేయులు అట్లాగే నిలబడి ఉన్నాడు. గెలిచినవాడు. అందరూ తనవైపు చూస్తున్నారు. ఆయన చెవుల్లో మాత్రం ఒకటే మాట తిరుగుతోంది. పైన వెలుగు కనపళ్లే. పైన వెలుగు కనపళ్లే.

కనపడదు. ఎట్లా కనపడుతుంది?

నిన్న ఆదివారం. ఆదివారం జయరత్నం ఉలి ముట్టడు. మదనపల్లెలో ఆరాధనకు పోయి రాత్రికి చుట్టాలింట్లో ఉండిపోయాడు. యమున సరుకులకు కొండ దిగింది. సాయంత్రం ఆంజనేయులు ఒక్కడే టేపు పట్టుకుని వచ్చాడు, పొయ్యి పడిపోయాక స్టేజీ ఎంత పడుతుందో కొలుద్దామని. వచ్చాడు, టేపు లాగాడు. అప్పుడే పడమటి తలుపులోంచి ఎండ వచ్చి ఆ గోడమీద పడింది.

నెలల తరబడి తిట్టిన గోడే. కానీ ఎండ తగిలేసరికి ప్రతి రాయీ ఒక పక్కన మెరిసింది. చేతులు పడి పడి నున్నబడిన పక్కన మాత్రమే. ఎన్ని చేతులు! ఎన్ని ఇళ్ల తెల్లవారుజాములు అవి తిరిగాయో, ఎందరు ఆడవాళ్ల అరచేతులు వాటిని అట్లా అద్దం చేశాయో! కొండకు ఉన్న వయసు ఆ గోడకు ఉన్నట్టనిపించింది. టేపు చేతిలోంచి జారి టక్కున చుట్టుకుపోయింది. ఆయన నేలమీద చతికిలబడ్డాడు. లేచి దగ్గరికి పోయి నడిమి విసుర్రాయిని తాకాడు. చెయ్యి దానంతట అదే పిడి బొక్కలోకి పోయింది, రోజూ పోయే దారిలాగా. అంచున చిన్న పెచ్చు ఊడి ఉంది. ఇట్లాంటి రాయి ఇంటింటికీ ఉండేదిలే అనుకుని చెయ్యి లాక్కున్నాడు.

అప్పుడే కిటికీ బయట కొండ చూడ్డానికి వచ్చిన జనం ఆగారు. “అబ్బా, ఏం కట్టినార్రా!” అని ఒకరు. “అబ్బబ్బా!” అని ఇంకొకరు. ఆ ‘అబ్బా’లు ఒక్కొక్కటీ ఆయనకు రాళ్లలా తగిలాయి. టమోటా పండించినవాడికి తెలుసు, ‘ఇంత కాపా!’ అని ఎవరైనా నోరు తెరిచిన మర్నాడే ఆకు ముడుచుకుంటుంది. అందుకే దిష్టికుండ లేకుండా ఆయన ఏ తోటనూ ఒంటరిగా వదలడు. కొత్త తోటకోసం సున్నం చుక్కలు పెట్టి సిద్ధం చేసిన కుండ ఒకటి జీపులోనే ఉంది.

నిచ్చెన వేసి కప్పు ఎక్కాడు. తోటలో అయితే కుండకు కర్ర పాతాలి. ఇక్కడ పాతే పని లేకుండా గొట్టం తయారుగా ఉంది. బోర్లిస్తే, కొలిచి చేసినట్టు, కుదుట్లో కూర్చున్నట్టు కూర్చుంది. దణ్ణం పెట్టి దిగి వచ్చాడు. మరి పొగ? పొగ సంగతి తట్టలేదు. టమోటా తోట పొగ వదలదు కదా! పొద్దున జయరత్నం వచ్చేసరికి మంచు కప్పును కప్పేసింది. కప్పు మీద ఏముందో దేవుడికే కనబడలేదు.

ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు. పొయ్యి పోతుంది, స్టేజీ వస్తుంది, పరువు నిలుస్తుంది. నోరు తెరిస్తే, పొగకోట అని ఊరంతా చాటినవాడే రహస్యంగా పోయి దానికి దిష్టి తీశాడని మార్కెట్టంతా నవ్వుతుంది. ఒక్కో టమోటా పగలబడి నవ్వుతుంది.

జయరత్నం సమ్మెట భుజానికెత్తి పొయ్యి ముందు నిలబడ్డాడు. ఎత్తిన చేతిని మళ్లీ దించి, నడిమి విసుర్రాయిమీద అరచెయ్యి ఆనించాడు. ఏదో అన్నాడు, పెదాలు మాత్రం కదిలాయి. సమ్మెట మళ్లీ పైకి లేచింది.

“ఆపప్పా! కుండ!” అని అరిచాడు ఆంజనేయులు.

“కొండా? కొండకేమైంది?” అంది చెంగమ్మ.

ఆయన అప్పటికే బయట ఉన్నాడు. నిచ్చెన మెట్లు మంచుకు తడిసి జారుతున్నాయి. పంచె ఎగగట్టి కప్పు ఎక్కాడు. గొట్టం చుట్టూ మంచు తెల్లగా తిరుగుతోంది. నడుమ కుండ, సున్నం చుక్కల కళ్లతో, అన్ని దిష్టులూ తానే కాచుకున్న ధీమాతో కూర్చుని ఉంది. దాని అంచుల కిందనుంచి పొగ సన్నగా ఏడుస్తోంది. రెండు చేతులా పట్టి పైకి లాగాడు.

కిందినుంచి హుమ్మని ఒక శబ్దం లేచింది. ఎంతోసేపు ఊపిరి బిగపట్టిన మనిషి ఒక్కసారి వదిలినట్టు. నల్లటి పొగ ఆయన మొహాన్ని కొట్టి, మీసం మీదుగా దూసుకుపోయి, ఆకాశంలో పడింది. ఆయన గొట్టం రాయిని పట్టుకుని నిలదొక్కుకున్నాడు. రాయి వెచ్చబడుతోంది. అరచేతి కింద సన్నగా వణుకుతోంది. పిల్లప్పుడు విసుర్రాయి తిరుగుతుంటే నేలమీద చెవి పెట్టి వినే రొద, అదే రొద, ఆ రాయిలోంచి వస్తోంది. పొగ నల్లనిది తెల్లబడి, ఎక్కడా వంకర లేకుండా, మంచును చీల్చుకుని నిలువునా పైకి పోతోంది. ఆయన తల వెనక్కి వాల్చి, అది ఎక్కడ ఆగుతుందా అని చూశాడు. ఆగలేదు.

“పొంగినాయి! పాలు పొంగినాయి!” కింద పాపక్క కేక. ఊరి పేరు దక్కింది.

కుండ చంకన పెట్టుకుని కిందికి దిగి గుమ్మంలోకి వచ్చేసరికి హాలు తేటపడింది. పొగ ఎటు వచ్చిందో అటే పోయింది. పొయ్యి నోటినిండా మంట నిలబడి ఉంది. దాని వెలుగులో గోడమీద గుండ్రటి రాళ్లన్నీ, కదలకపోయినా, తిరుగుతున్నట్టే ఉన్నాయి. ఆటోవాడు ఒకడు చెప్పులు విడిచి చేత్తో పట్టుకున్నాడు, ఎందుకో వాడికే తెలియదు. ఆవు తిరిగొచ్చి, పొయ్యికి ఎదురుగా కాళ్లు మడిచి పడుకుంది.

అప్పుడు వచ్చింది వాసన. రాళ్లు కాగేకొద్దీ, వాటి గంట్లలో ఎన్నేళ్లుగానో ఇరుక్కుని ఉన్న పిండి సెగ తగిలి, వేయించిన రాగుల వాసనై లేచింది. వెనకే ఉలవలు. వెనకే ఎండుమిరపకాయ కొసఘాటు. చెంగమ్మ కళ్లు మూసుకుని గాలి పీల్చింది.

“మా అమ్మ ఇసురుతాండాది” అంది నెమ్మదిగా. దానికి ఎవరూ నవ్వలేదు.

ముందు తేరుకున్నది యమున. అన్న చంకలో కుండను చూసింది, అరచేతుల సున్నాన్ని చూసింది, మొహంమీద మసిని చూసింది.

“అన్నా, ఈ కుండ యాడిది?”

“గొట్టం మీదిది.”

“గొట్టం మీద ఎవురు పెట్టినారు?”

ఆంజనేయులు కుండవైపు చూశాడు. కుండ సాయం రాలేదు. ఇక కుండబద్దలు కొట్టక తప్పలేదు.

“నేనే. నిన్న సాయంత్రం. జనం నిలబడి అబ్బా అబ్బా అంటాండారు. దిష్టి తగుల్తాదేమోనని... భయమైంది.” కుండను ఇంకో చంకకు మార్చుకున్నాడు. “స్టేజీ కొలుద్దామనే వస్తి. టేపు లాగినా. ఇంగ చూస్తా చూస్తా కూర్చుండిపోతి. ఎంతసేపో నాకే తెలీదు. పొగ పోయే దోవ మూసేస్తాండానని తోచలేదమ్మే.”

వంటవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. పాపక్క పైటచెంగు నోట్లో కుక్కుకుంది. యమున నవ్వలేదు. వచ్చి తన కొంగుతో అన్న మొహంమీది మసి తుడిచింది. మసి పోలేదు, ఇంకొంచెం పరుచుకుంది.

జయరత్నం సమ్మెట గోడకు ఆనించాడు. గొంతులో పాత పొగరు వెనక్కొచ్చింది.

“నేను కుండల్ని నమ్మనప్పా. మా దేవుడు వేరే. కానీ నన్ను తిట్టినోడివే దీనికి దిష్టికుండ పెట్టి వస్తివే, నా పనికి ఇంతకంటే సర్టిఫికెట్టు యాడుండాది? ఒక మాట మాత్రం చెప్తా, ఈసారి దిష్టి తియ్యాలంటే గుమ్మడికాయ గడపలో కొట్టు. నా పొయ్యికి టోపీ పెట్టబాకు.”

ఇప్పుడు అందరూ నవ్వారు. ఆంజనేయులు కూడా.

“సరే, పందెం సంగతేంది?” పాపక్క అడిగింది. “పొగ వచ్చినట్టా, రానట్టా?”

చెంగమ్మ తీర్పు చెప్పింది. ఈసారి గుణింతాలతో సహా అన్నీ సరిగ్గానే విన్నది. “పొగ పైకే పోయింది. పోయి కుండను చూసి తిరిగొచ్చింది. తప్పు కుండది. ఓడింది ఈడే. మేస్త్రీ, అడుగప్పా నీకేం కావాల్నో.”

జయరత్నం వంగి నేలమీది తాంబాళం పక్కకు తీశాడు. గుండ్రటి గుంట మంట వెలుగుకు ఎర్రబడింది.

“తంబళ్లపల్లెలో నీ దొడ్లో దూడను కట్టేస్తాండావే, ఇసుర్రాయి కిందిరాయి, అది ఇయ్యి. ఈ గుంట దాని కొలతే.”

ఆంజనేయులి నవ్వు ఆగిపోయింది. “దాని కొలత నీకెట్ల తెలుసు? నువ్వు మా దొడ్డి ఎప్పుడూ చూళ్లేదే.”

“పైరాయి కొలత తెలిస్తే కిందిది తెలవదా అప్పా?”

ఆయన వేలు దూలం పైకి చూపింది. నడిమి రాయి. అంచున ఊడిన పెచ్చు. ఆ పెచ్చు ఊడగొట్టింది ఎవరో ఆంజనేయులికి ఇప్పుడు గుర్తొచ్చింది. తానే. పిల్లప్పుడు, చింతగింజలు పగలగొడుతూ. దెబ్బలు తప్పించడానికి ఆ తప్పు తన నెత్తిన వేసుకున్నది అక్క.

నాన్న పోయాక పాత ఇంటి సామాను పంచుకున్న రోజు అమరావతి అడిగింది ఆ విసుర్రాయి ఒక్కటే. అమ్మ విసిరిన రాయి, నాకియ్యి అంది. పంపకమంటే పంపకమే అన్నాడు ఆంజనేయులు. పైరాయి నీకు, కిందిరాయి నాకు. రెండూ విడిపోతే ఎవరికీ పిండి రాదని తెలిసే అన్నాడు. ఆమె పైరాయి నెత్తిన పెట్టుకుని కుప్పం పోయింది. తర్వాత ఆ గడప తొక్కలేదు.

“అమరావతమ్మే తెచ్చిచ్చింది” అన్నాడు జయరత్నం. “చెల్లెలు పొయ్యి కట్టిస్తాండాదని విని కుప్పంలో నా దగ్గరికి తానే వచ్చింది. ఎవురికీ చెప్పబాకు అన్నాది. ఈ పొద్దు కుప్పంనుంచి మొదటి బస్సుకు వచ్చి కొండ కింద బస్సులు ఆగే క్రాస్‌లో కూర్చోని ఉండాది. మంచు పైన పొగ లేచేది కనిపిస్తే పైకి వస్తా, కనిపించకుంటే మా తమ్ముడు పొయ్యిని పడగొట్టించినట్టే, మదనపల్లె బస్సెక్కి తిరిగి పోతా అన్నాది.”

“పొగ ఎప్పుడు కనిపించాల్సింది?” అని అడిగాడు ఆంజనేయులు.

“పొద్దెక్కేలోపల.”

అందరూ తలుపులోంచి బయటికి చూశారు. పొద్దు ఎప్పుడో ఎక్కింది. పొగ మాత్రం ఇప్పుడే ఎక్కుతోంది. మధ్యలో పోయిన సమయమంతా కుండ కింద పోయింది.

ఆంజనేయులు కదిలాడు. జీపు తాళాలు గుర్తు రాలేదు, చెప్పులు గుర్తు రాలేదు, చంకలో కుండ ఉన్నట్టు కూడా గుర్తు లేదు. గేటు దాటి ఘాట్ రోడ్డుమీద పడ్డాడు.

“యాడికిరా, మసి మొహమేసుకోని?” చెంగమ్మ వెనకనుంచి కేకేసింది.

“మనుషులు పోవాల అంటివి గదత్తా!” అని ఆయన వెనక్కి తిరగకుండానే అరిచాడు.

మొదటి మలుపు దగ్గర ఆగాడు. కింద కొండవాలంతా మంచు. ఏమీ కనబడటం లేదు, వినబడుతోంది మాత్రం. ఎక్కడో లోపల, గేర్లు మార్చుకుంటూ, మూలుగుతూ, ఒక ఆటో కొండ ఎక్కుతోంది. ఇంకా కిందనుంచి, మదనపల్లె వైపు బయల్దేరిన బస్సు హారన్ ఒకసారి మోగింది. అక్క ఎందులో ఉందోనని ఆయన చెవి ఒగ్గాడు. మళ్లీ మోగింది. ప్రతిసారీ ఇంకొంచెం దూరంగా.